ఏడు వారాల సెలవులు - శివారు బస్తీల కుటుంబాలకు కొన్ని సూచనలు

ఏప్రిల్ నెల నాలుగో వారంలో బడులకు తాళాలు పడతాయి. మళ్ళీ జూన్ 12 నాటికి గాని తెరవరు. అంటే దాదాపు ఏడు వారాల సెలవులు. పిల్లలకు పండగ, తల్లులకు పరీక్ష!

హైదరాబాదు పాతబస్తీలో ఉన్న రోజుల్లో ఈ సమస్య ఇంతగా ఉండేది కాదు. గల్లీ చివర నానీ ఇల్లు, రెండు మలుపులు తిరిగితే ఫుప్పూ ఇల్లు. పిల్లలు ఉదయం ఒక ఇంట్లో, మధ్యాహ్నం ఒక ఇంట్లో, రాత్రి ఇంకో ఇంటి డాబా మీద గడిపేవారు. గల్లీలో ఎవరి పిల్లవాడు తప్పు చేసినా అరుగు మీద కూర్చున్న ఏ పెద్దమనిషైనా చెవి మెలిపెట్టగలిగేవాడు. అద్దెలు భరించలేక కొందరు, సొంత గూడు కోసం కొందరు ఇప్పుడు రాజేంద్రనగర్, కిస్మత్‌పూర్, జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వంటి శివార్లకు తరలిపోయారు. ఇక్కడ ఇల్లు ఉంది గాని ఇరుగు పొరుగు ఇంకా కుదురుకోలేదు. ఖాళీ ప్లాట్లు, దుమ్ము, ట్యాంకరు కోసం ఎదురుచూపు, రెండు గదుల్లో అయిదారుగురు. పిల్లలను బయటికి పంపాలంటే భయం, లోపల ఉంచుదామంటే ఉక్క. చివరికి చేతిలో ఫోను పెట్టి ఊరుకుంటున్నాము.

మేము చాలా ఏళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నాము. సెలవుల తరువాత తిరిగి వచ్చే పిల్లలను చూస్తే ఎవరి ఇంట్లో సెలవులు ఎలా గడిచాయో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. కొందరు పిల్లలు కళకళలాడుతూ వస్తారు. కొందరు నిద్ర సరిపోక, దేనిమీదా మనసు నిలవక, అక్షరాలు కూడా మరచి వస్తారు. ఈ తేడా డబ్బు వల్ల వచ్చింది కాదు. ఊటీ వెళ్ళి వచ్చిన పిల్లలు రెండో కోవలోనూ ఉంటారు, పంక్చరు షాపు నడిపే తండ్రి పిల్లలు మొదటి కోవలోనూ ఉంటారు. అందుకే అప్పు చేయకుండా, ఇల్లు వదలి దూరం పోకుండా ఈ ఏడు వారాలను ఎలా గడపవచ్చో ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచాము.

రోజును మూడు భాగాలు చేయండి

వేసవిలో అందరికీ ఒకే గడియారం పనికిరాదు. ఫజ్ర్ నమాజు మొదలు ఉదయం తొమ్మిది వరకు మొదటి భాగం. మే నెలలో సూర్యుడు ఆరు గంటలకు ముందే వచ్చేస్తాడు. ఆట, నడక, సైకిలు, నీళ్ళు పట్టడం, కూరగాయలు తేవడం - ఒళ్ళు వంచే పనులన్నీ ఈ వేళలోనే ముగించాలి. పదకొండు నుంచి నాలుగు వరకు రెండో భాగం. ఈ సమయంలో ఎవరూ ఎండలోకి వెళ్ళకూడదు. ఇది నీడపట్టున కూర్చుని చేసే పనులకు, కాసేపు కునుకుకు. అస్ర్ తరువాత మూడో భాగం. చుట్టాల ఇళ్ళకు వెళ్ళిరావడం, డాబా మీద నీళ్ళు చల్లి చాప పరచుకుని కబుర్లు చెప్పుకోవడం అప్పుడే.

అయితే ఒక షరతు ఉంది. రాత్రి రెండింటి దాకా మేలుకుంటే ఉదయం భాగం మొత్తం పోతుంది. మన బస్తీల్లో సెలవులంటే రాత్రి జాగారం, పగలు నిద్ర అని స్థిరపడిపోయింది. పెద్దలు హోటలు ముందు కూర్చుని అర్ధరాత్రి వరకు చాయ్ తాగుతూ, పిల్లలను మాత్రం పదింటికి పడుకోమంటే వారు వినరు. ఇందులో మొదట మారవలసింది పెద్దలే.

ఇల్లు చల్లబడే మార్గాలు

శివారు ఇళ్ళలో చాలా వాటికి సిమెంటు రేకులు, లేదా పైన మరో అంతస్తు లేని స్లాబు. ఎండంతా నెత్తిమీదే. స్లాబు మీద చిక్కగా తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, అందువల్ల కింద గదిలో వేడి తగ్గుతుంది. ఖర్చు తక్కువ, ఒక ఆదివారం తండ్రీ కొడుకులు కలిసి చేసుకోగల పని. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్ని ప్రకటించింది. పడమటి కిటికీకి మధ్యాహ్నం తడిపిన గోనెపట్టా గాని, వట్టివేళ్ళ తడక గాని కట్టండి. మన పెద్దల ఇళ్ళలో ఖస్ తట్టీలు ఇందుకోసమే ఉండేవి.

కూలరు ఉన్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గది తలుపులు కిటికీలు అన్నీ మూసి కూలరు వేస్తే చల్లదనం రాదు, తేమ మాత్రం పెరుగుతుంది. గాలి బయటికి పోయే దారి ఒకటి తప్పక ఉండాలి. రెండోది ప్రాణాలకు సంబంధించింది. నీళ్ళు పోసేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీయాలి. ఇనుప కూలరుకు ఎర్తింగు లేకపోతే తడి చేతితో తాకిన పసివాడి ప్రాణం క్షణంలో పోతుంది. వారానికి ఒకసారి నీళ్ళన్నీ పారబోసి, తొట్టిని రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి సుమారు వారం పది రోజులు చాలు. మనం వారం తిరగకుండా నీరు మార్చితే ఆ లెక్క తప్పుతుంది.

తాగే నీటికి మట్టి రంజన్ కొనండి. ఫ్రిజ్‌లో సీసాలు పెట్టే తీరిక తల్లికి ఉండదు, తీసి తాగి ఖాళీ సీసా పెట్టే అలవాటు మాత్రం పిల్లలందరికీ ఉంది! రంజన్ కింద ఇసుక పోసి తడుపుతూ ఉంటే సాయంత్రం దాకా నీళ్ళు చల్లగా ఉంటాయి. గోడమీద ఒక మట్టి మూకుడులో పిట్టలకు నీళ్ళు పెట్టే బాధ్యత ఇంట్లో అందరికన్నా చిన్నవారికి అప్పగించండి. దాహంతో ఉన్న జీవికి నీరివ్వడం ఎంత పుణ్యమో మాటలతో చెప్పనవసరం లేకుండా తెలిసివస్తుంది.

వడదెబ్బ విషయంలో ఉదాసీనత పనికిరాదు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి విసరాలి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. మామూలుగా నీరసించినవారికి, విరేచనాలైనవారికి ఇంట్లోనే ద్రావణం తయారు చేయవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

మధ్యాహ్నపు గంటలు - తఖ్తీ, బైత్‌బాజీ, పచ్చీస్

మధ్యాహ్నం అయిదు గంటలే అసలు చిక్కు. ఫోను గెలిచేది ఇక్కడే. ఫోను లాక్కుంటే సరిపోదు, దాని స్థానంలో ఏదైనా ఇవ్వాలి.

మా చిన్నతనంలో మదర్సాలో తఖ్తీ ఉండేది. ఈనాటి పిల్లలు చాలామంది దాన్ని చూసి ఉండరు. వడ్రంగి దగ్గర జానెడు వెడల్పు, మూరెడు పొడవు పలుచని చెక్క కోయించుకోండి. దానికి తడి ముల్తానీ మట్టి పూసి ఎండలో పెడితే వేసవిలో కొద్దిసేపటికే ఆరిపోతుంది. రెల్లు పుల్లను, లేదా సన్నని వెదురు పుల్లను చాకుతో ఏటవాలుగా చెక్కితే ఖలం తయారు. నల్ల సిరాలో ముంచి రాయాలి. రాసింది కడిగి, మళ్ళీ మట్టి పూసి, మళ్ళీ రాయాలి. పూయడం, ఎండబెట్టడం, కడగడం కూడా ఆటే గనుక పిల్లలు విసుగు చెందరు. రోజుకు ఒక పంక్తి చాలు. మొదటి రోజు తమ పేరును మూడు లిపుల్లో - ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు - రాయించండి.

ఇది కేవలం కాలక్షేపమని అనుకోవద్దు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గాని చదవలేరు. బయట తెలుగు వింటారు గాని బస్సు బోర్డు చదవడానికి తడుముకుంటారు. దాదీ రాసిన ఉత్తరం పెట్టెలో భద్రంగా ఉంటుంది, దాన్ని చదవగల మనవడు ఇంట్లో ఉండడు! బడిలో ఈ లోటు తీరే అవకాశం లేదు, అక్కడ తీరిక లేదు. ఏడు వారాలంటే 49 రోజులు. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే ఏ పదేళ్ళ పిల్లవాడైనా ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థితికి వస్తాడు. ఇప్పటికే ఉర్దూ వచ్చినవారికి తెలుగు చదవడం అలవాటు చేయించండి. బజారులోని దుకాణాల బోర్డులే మొదటి వాచకం.

కాస్త పెద్ద పిల్లలకు బైత్‌బాజీ ఉంది. ఒకరు ఒక షేర్ చదివితే, అది ఏ అక్షరంతో ముగిసిందో ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ రెండోవారు చదవాలి. ఆట గెలవాలన్న పట్టుదలతోనే పిల్లలు పదుల కొద్దీ షేర్లు కంఠస్థం చేస్తారు. తెలుగు పద్యాలతోనూ ఇదే విధంగా ఆడవచ్చు. పొరుగింటి తెలుగు పిల్లలను పిలిచి రెండు జట్లు చేయండి, సందడి చూడండి. ఇక పచ్చీస్, అష్టాచెమ్మా, వామనగుంటలు, కైరమ్ ఉండనే ఉన్నాయి. చింతగింజలు, సుద్దముక్క, గచ్చు నేల ఉంటే ఖర్చు లేని ఆటలివి. పందెం డబ్బుతో పెట్టనివ్వకండి, అంతే.

ఇంట్లో ముసలివారుంటే వారిని కదిలించండి. పెళ్ళి ఎలా జరిగింది, అప్పట్లో కిలో బియ్యం ఎంత, ఏ వీధిలో ఏ పని చేసేవారు అని పిల్లలచేత అడిగించి నోటుపుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం మీ కుటుంబ చరిత్ర అవుతుంది.

అమ్మీకి సెలవు ఎప్పుడు?

బడికి సెలవులు, ఆఫీసుకు ఆదివారం. మరి వంటింటికి? సెలవుల్లో తల్లి పని రెట్టింపు అవుతుంది. పిల్లలు రోజంతా ఇంట్లోనే, మూడు పూటలకు బదులు ఆరు పూటల తిండి, పైగా చుట్టాలు. రేకుల కింద మంట దగ్గర నిలబడే ఆ ఇల్లాలికి కాలక్షేపం సంగతి ఎవరైనా ఆలోచించారా?

మా సూచన ఇది. వారంలో ఒక పూట వంట మగవారిది, పిల్లలది. ఖిచ్డీ, ఖట్టా, కాల్చిన అప్పడం - పన్నెండేళ్ళ పిల్లవాడు తండ్రి పక్కన నిలబడి చేయగల వంట. మిగతా రోజుల్లో దస్తర్ఖాన్ పరచడం, ఎత్తడం, గిన్నెలు కడగడం వంతులవారీగా పంచండి. ఈ పంపకంలో అమ్మాయికి ఎక్కువ, అబ్బాయికి తక్కువ అనే తూకం వద్దు. మధ్యాహ్నం పొయ్యి వెలిగించే అవసరం తగ్గించే వంటకాలు వేసవికి ఎన్నో ఉన్నాయి. పెరుగన్నం, మజ్జిగ, రాత్రి నానబెట్టిన అటుకులు, పచ్చి మామిడికాయ ఉడికించి తీసిన గుజ్జుతో షర్బత్, సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బత్. సీసాల్లో వచ్చే రంగునీళ్ళకు ఇచ్చే డబ్బుతో ముంజలు, పుచ్చకాయ వస్తాయి.

చుట్టాలు వస్తే తలా ఒక వంటకం తెచ్చుకునే పద్ధతి మొదలు పెట్టండి. మొదట కొందరు నొచ్చుకుంటారు. రెండోసారి వారే అడుగుతారు.

వారానికో షికారు

శివార్లలో ఉన్నవారు నగరాన్ని చూడటం మరచిపోతున్నారు. పెళ్ళిళ్ళకు తప్ప ఇల్లు కదలని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకం కింద నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు. తెలంగాణ నివాసి అని చూపే గుర్తింపు కార్డు దగ్గరుంచుకుంటే చాలు. తల్లి, ముగ్గురు ఆడపిల్లలు కలిసి వెళితే బస్సు ఖర్చు సున్న. ఆ అవకాశాన్ని ఆసుపత్రికి, మార్కెట్టుకు మాత్రమే కాక విహారానికి కూడా వాడుకోవాలి.

మొదటిది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951లో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలు మూగుతారు. మేలిముసుగు రెబెకా శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కాడు. రాతిలో పలుచని బట్ట ఎలా కనిపిస్తుందో పిల్లలనే చెప్పమనండి. ఇంట్లో తఖ్తీ మీద రాసే పిల్లవాడికి అక్కడి చేతిరాత ఖుర్ఆన్ ప్రతుల విలువ ఇట్టే అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. జుమా తరువాత వెళదామనుకుంటే గేటు దగ్గరనుంచే తిరిగి రావలసి ఉంటుంది!

రెండోది గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులు. 2013లో ఆగాఖాన్ ట్రస్టుతో కలిసి ప్రభుత్వం చేపట్టిన మరమ్మతులు ఏళ్ళ తరబడి సాగాయి. అక్కడి మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో అవార్డు దక్కింది. 1591లో హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఉర్దూలో దీవాన్ ఉన్న తొలి కవిగా పేరు పొందాడు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తండ్రి తెలుగును ఆదరించాడు, కొడుకు ఉర్దూలో రాశాడు. ఇద్దరి సమాధులూ ఆ ఒక్క తోటలోనే ఉన్నాయి. రెండు భాషల నడుమ పెరిగే మన పిల్లలకు ఇంతకంటె మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? కోట కూడా చూడాలనుకుంటే ఉదయమే ఎక్కండి. బాలాహిసార్ ద్వారం కింద చప్పట్లు కొడితే గుట్టపైన వినిపించే ఏర్పాటు చూసి పిల్లలు కాలి నొప్పులు మరచిపోతారు.

మూడోది జూపార్కు. 1963లో తెరిచారు, సోమవారం సెలవు. పక్కనే ఉన్న మీరాలం చెరువు కట్ట వరుసగా విల్లుల్లాంటి 21 కమానులతో కట్టినది. రెండు వందల ఏళ్ళు దాటినా నిలిచి ఉంది. తిన్నని గోడకన్నా వంపు గోడ నీటి ఒత్తిడిని ఎలా తట్టుకుంటుందో ఒక అట్టముక్క వంచి చూపితే పిల్లలకు సైన్సు పాఠం అయిపోతుంది.

నాలుగోది అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. దగ్గరలోనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించారు. శివారు కుటుంబాలు సాయంత్రం గాలికి ఆ కట్టలవైపు వెళుతుంటాయి గనుక ఈ కథ పిల్లలకు తెలియాలి.

ఎక్కడికి వెళ్ళినా ఉదయమే బయలుదేరి పదకొండు లోపు తిరుగు ప్రయాణం పట్టాలి. నీళ్ళ సీసా, రొట్టెలు, ఆమ్లెట్టు ఇంటినుంచే. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి.

నీటి గుంటల జోలికి వద్దు

ఇది మా మాటల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది. శివార్ల చుట్టూ రాళ్ళు తీసి వదిలేసిన క్వారీ గుంటలు ఉన్నాయి. వాన నీరు నిండి పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి. ఒక అడుగు లోతు తరువాత ఒక్కసారిగా పాతిక అడుగుల లోతు ఉండవచ్చు. మెట్లుండవు, పట్టుకోవడానికి గట్టు ఉండదు. పదమూడు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు ఇంట్లో చెప్పకుండా గుంపుగా వెళతారు. ఏ వేసవీ అలాంటి ఒక జనాజా లేకుండా గడవడం లేదు. తరచు ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు పోతున్నారు. ఎందుకంటే మునిగేవాడిని కాపాడాలని ఈత రానివాడు దూకుతాడు, వాడి కోసం ఇంకొకడు.

"వెళ్ళకు" అని చెప్పి వదిలేయకండి. కారణం చెప్పండి. మునిగేవాడి కోసం నీళ్ళలోకి దూకవద్దని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గాని, తాడు గాని, దుపట్టా గాని విసరాలని, గట్టిగా అరవాలని నేర్పండి. బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం తప్పు. శ్వాస లేకపోతే 108కి చెప్పి, వారు చెప్పినట్లు నోటితో శ్వాస అందిస్తూ గుండెమీద ఒత్తాలి. కుర్రవాడికి ఈత మీద నిజంగా మోజుంటే శిక్షకుడు ఉన్న కొలనులో నేర్పించండి. ఆ ఫీజు దండగ కాదు.

పరదేశం నుంచి వచ్చిన అబ్బా

మన బస్తీల్లో ఎన్నో ఇళ్ళ యజమానులు జిద్దాలో, రియాద్‌లో, దుబాయ్‌లో ఉన్నారు. పిల్లల సెలవులు చూసుకుని నెలా నలభై రోజులకు వస్తారు. మొదటి వారం చూడవచ్చినవారితో, రెండో వారం పెళ్ళిళ్ళతో, మూడో వారం ఇంటి మరమ్మతులతో, నాలుగో వారం పెట్టె సర్దుకోవడంతో అయిపోతుంది. ఏడాదంతా ఫోనులో ముద్దుగా మాట్లాడిన చిన్నది ఎదురుగా తండ్రి ఉంటే తలుపు వెనక దాక్కుంటుంది.

అలాంటి సోదరులకు మా విజ్ఞప్తి ఒక్కటే. బొమ్మలకన్నా ముందు సమయం ఇవ్వండి. ప్రతి ఉదయం ఒక గంట ఒక్కొక్క బిడ్డకు విడిగా కేటాయించండి. సైకిలు పట్టుకుని వెంట పరుగెత్తండి, సున్నం వేయండి, బజారుకు తీసుకెళ్ళండి. చుట్టాలకు రోజులు కేటాయించి, మిగతా రోజులు ఇంటివారివని మర్యాదగా చెప్పండి. అప్పుచేసి విందులివ్వకండి, ఆ అప్పు మిమ్మల్ని మరో రెండేళ్ళు అక్కడే కట్టిపడేస్తుంది. తల్లులు కూడా ఒక మాట మానుకోవాలి. "అబ్బా రానీ, నీ సంగతి చెబుతా" అని ఏడాది పొడుగునా బెదిరిస్తే, వచ్చే తండ్రి పిల్లల కళ్ళకు పోలీసులాగే కనిపిస్తాడు.

ఇందులో అన్నీ ఒకే వేసవిలో సాగవు. ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం తీసుకోండి. వారానికి ఒక షికారు, రోజుకు అరగంట రాత, అమ్మీకి ఒక పూట సెలవు - ఈ మూడే రాసి గోడకు అంటించండి. రాసేది మాత్రం పిల్లల చేతనే రాయించండి, వారికి ఏ లిపి సరిగా రాదో ఆ లిపిలో. జూన్ 12 నాటికి ఆ కాగితం మాసిపోయి ఉంటుంది. చేతిరాత మాత్రం, ఇన్షా అల్లాహ్, బాగుపడి ఉంటుంది.